కంప్యూటరు మీద లేసు తొడుగు

మా ముత్తాత సూర్యప్రకాశంగారు మూడు ఊళ్ళకి మునసబు. ఆయన వీధరుగు మీద కూర్చుని ఉంటే అటుగా వెళ్ళేవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారట. మా తాతగారు జగన్నాథంగారు పలివెల తీర్థానికి బండి కట్టించుకుని వెళితే, దారి పొడుగునా రైతులు బండి ఆపి కొబ్బరిబొండాలు చెక్కి ఇచ్చేవారు. మా నాన్నగారు రామచంద్రంగారి నాటికి బండి పోయింది, ఎడ్లు పోయాయి, కాలవకి అవతలి చేలు పోయాయి. బొండాలు చెక్కి ఇచ్చే చేతులు కూడా పోయాయి. నడుం మాత్రం వంగలేదు. నాకు సంక్రమించిన ఆస్తిలో చెప్పుకోదగ్గది ఆ నడుమే.

మా వంశంలో ఒక నియమం ఉంది. ఎవరూ రాసి పెట్టలేదు గాని అందరూ పాటించేరు. ‘తెలీదు’ అనే మాట నోటివెంట రాకూడదు. తాతగారు ఒకసారి ముక్తేశ్వరంలో పెళ్ళికి బయల్దేరితే బండి దారి తప్పింది. ‘ఎవరినన్నా అడగమంటారా బాబుగారూ’ అన్నాడట బండివాడు. ‘మనం అడగడం ఏమిట్రా’ అన్నారట తాతగారు. బండి ఏ ఊళ్ళో తేలిందో ఆ ఊరి కరణంగారింటి ముందు దిగి, అక్కడికే వచ్చినట్టు కుశలప్రశ్నలు వేసి, భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని తిరిగొచ్చేశారు. ఆ పెళ్ళివారు మా ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎవరి గురించి రాయబోతున్నానో ఆవిడ ఆ మాటని రోజుకి ఎన్నిసార్లు అనేవారో, అన్నప్పుడల్లా ఎంత సుఖంగా అనేవారో మీకు తెలియాలని. ‘నాకు తెలీదండీ!’ అనేవారు. పండగ పూట పక్కింటికి గారెలు పట్టుకొచ్చి ఇస్తున్నట్టు ఉండేది ఆ అనడం. తర్వాత నవ్వేవారు. ఆ తర్వాత, తెలిసినవాళ్ళెవరో కనుక్కోవడానికి గొడుగు పుచ్చుకుని బయల్దేరేవారు.

మొన్న పొద్దున్న ఉరుముల వాన వచ్చింది. కొబ్బరిచెట్ల మధ్య ఉన్న ఇళ్ళకి పిడుగు భయం ఎక్కువ కాబట్టి ఉరుము వినపడగానే కంప్యూటరు వైర్లన్నీ పీకేసేను. వాన వెలిశాక తిరిగి తగిలిస్తుంటే వేలికి ఎర్ర దారం ముడి తగిలింది. ఇంకో వైరుకి పచ్చ దారం. ఇంకోదానికి నీలం. ఏళ్ళ తరబడి చూస్తున్నవే. కాని ఆవిడ పోయాక ఉరిమిన మొదటి రోజు అదే. ముడి పట్టుకుని కాసేపు అలా నేల మీదే కూర్చుండిపోయాను.

ఆవిడ బడిలో పెద్ద టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరంతా టీచరమ్మగారు అనేవారు, నేను టీచరుగారు అనేవాణ్ణి. వాళ్ళ తాత మా చేలల్లో పాలేరు. వాళ్ళ నాన్నగారు మిషను బడిలో చదువుకున్నారు. ఆవిడా తమ్ముళ్ళూ అందరూ ఉద్యోగస్థులయ్యారు. మా నాన్నగారు అమ్మిన స్థలంలోనే ఆవిడ రెండంతస్తుల డాబా వేశారు. ఈ వాక్యం ఇంత మామూలుగా రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

వాళ్ళ అమ్మగారు మా నాన్నగారిని ‘బాబుగారూ’ అనేవారు. ఆవిడ నన్ను ‘అన్నయ్యగారూ’ అన్నారు. మొదటిసారి అన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను, ఎవరిని పిలిచారో అని. వెనక ఎవరూ లేరు.

తెల్లచీర, సన్నని అంచు. గడియారం మణికట్టుకి లోపలివైపు పెట్టుకునేవారు. చేతిసంచీలో ఎప్పుడూ దారపుండలు, లేసు అల్లే సూది ఉండేవి. మాట్లాడుతూనే అల్లేవారు, అల్లుతూనే వీధిలో ఎవరు వెళుతున్నారో చూసేవారు. వాళ్ళింట్లో లేసు తొడుగు లేని వస్తువు ఉండేది కాదు. టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, మంచినీళ్ళ బిందెకి తొడుగు. చర్చిలో హార్మోనియానికి కూడా ఆవిడ అల్లినదే. బడి మానేసినా వస్తువులతో పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడేవారు. గొడుగు తెరుచుకోకపోతే ‘ఏరా, ఇవాళ పాఠం రాదా నీకు?’ అనేవారు.

నా బతుకుతెరువు పుస్తకాల అచ్చుప్రతులు దిద్దడం. తోట అమ్ముకున్న తర్వాత నాకు మిగిలిన ఆధారం అదొక్కటే. ఊళ్ళో ఎవరికీ తెలియదు. పోస్టులో కాగితాల కట్టలు వస్తూ పోతూ ఉంటే, ‘ఆయన పుస్తకాలు తెప్పించుకుని చదువుతారండి’ అనుకునేవారు. నేను కాదనలేదు. జగన్నాథంగారి మనవడు కూలికి అక్షరాలు దిద్దుతున్నాడని ఎవరికైనా తెలియవలసిన అవసరం నాకు కనిపించలేదు. అలా నడిచిపోతున్న రోజుల్లో ప్రచురణ సంస్థ నుంచి ఫోను వచ్చింది. ఇకనుంచి కాగితాలు పంపరట. అంతా కంప్యూటరులోనే వస్తుంది, కంప్యూటరులోనే దిద్ది పంపాలి. మొదటి పుస్తకం నెలాఖరుకల్లా వెళ్ళాలి. ‘మీకు ఇబ్బంది అయితే చెప్పండి సార్, వేరేవాళ్ళకి ఇస్తాం’ అన్నాడు అవతలి మనిషి. మర్యాదగానే అన్నాడు. ‘ఇబ్బంది ఏముంది’ అన్నాను.

అమలాపురంలో కొన్నాను. కొట్టతను ‘మా మనిషి వచ్చి బిగించి వెళతాడండి’ అన్నాడు. మనిషి వస్తే, ఎందుకు కొన్నారని అడుగుతాడు. అడిగినవాడు వీధి చివర టీకొట్టులో చెబుతాడు. ‘అవసరం లేదు. మా ఇంట్లో తెలిసినవాళ్ళున్నారు’ అన్నాను. మా ఇంట్లో ఉండేది నేనూ, ఒక పిల్లీ.

ఆటోవాడు పెట్టెలు సావిట్లో దింపి వెళ్ళాక తలుపు వేసి, కిటికీలు మూసి, లైటు వేసుకుని కూర్చున్నాను. ఒక పెట్టె విప్పేసరికి తలుపు చప్పుడైంది.

‘‘అన్నయ్యగారూ! కంప్యూటరు వచ్చిందటగదండీ!’’

తలుపు తీశాను. ‘‘ఎవరు చెప్పేరండి?’’

‘‘ఎవరూ చెప్పలేదండి. దింపుతుంటే పెట్టె మీద బొమ్మ చూసేను. మా మేడ మీంచి మీ అరుగు శుభ్రంగా కనపడుద్దండి.’’ అంటూనే లోపలికొచ్చి కిటికీలు తీసేయడం మొదలెట్టారు. ‘‘ఇదేంటండీ, దొంగసొమ్ము పంచుకుంటున్నట్టు తలుపులేసుకుని!’’

‘‘మీకు కంప్యూటర్లు తెలుసా?’’ అన్నాను.

‘‘నాకు తెలీదండీ!’’ అన్నారు, ముఖం విప్పారిపోయి. ‘‘మీకండీ?’’

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆవిడ కాసేపు ఆగి చూసి, జవాబు అందినట్టు తల ఊపేరు. ‘‘అయితే ఇద్దరం అయ్యేం. ఒక్కరి కంటే నయం కదండీ.’’

మా సావిట్లో అప్పటికి రెండే ఆసనాలు. నేను రాసుకునే బల్ల దగ్గర ముక్కాలిపీట, గోడవారన తాతగారి పడకకుర్చీ. బర్మా టేకు, పేము అల్లిక. తాతగారి తర్వాత నాన్నగారు అందులో కూర్చున్నారు. నాన్నగారి తర్వాత ఎవరూ కూర్చోలేదు. వచ్చినవారిని నిలబెట్టడం మర్యాద కాదు గనక దానివైపు చెయ్యి చూపించేను. ఆవిడ దాన్ని చూశారు. వాళ్ళ తాత ఆ కుర్చీ ఎదురుగా, అరుగు కింద, తలగుడ్డ తీసి నిలబడేవాడని ఇద్దరికీ తెలుసు.

‘‘వద్దండి. అందులో కూలబడితే నన్ను లేపడానికి మళ్ళీ మనుషుల్ని పిలవాలి’’ అని, ఖాళీ అయిన అట్టపెట్టెని బోర్లించి దాని మీద కూర్చున్నారు. అది కొంచెం కుంగింది. ‘‘ఓర్చుకోరా అబ్బాయ్’’ అన్నారు దాంతో.

వైర్లన్నీ నేల మీద వరసగా పరిచి హాజరు పట్టేరు. ‘‘మౌసు? ఉన్నాడు. కీబోర్డు? ఉన్నాడు. ఈ లావుపాటి నల్లోడెవడు?’’ ప్రతి వైరు కొనా సీపీయూ వెనకాల ఒక్కొక్క కంతకి పెట్టి చూసేవారు. పట్టకపోతే ‘‘నీ ఇల్లు ఇది కాదురా’’ అని ఇంకోదానికి పెట్టేవారు. పట్టిందంటే, ఆ వైరుకి ఒక రంగు దారం ముడి వేసి, అదే రంగు దారం ముక్క ఆ కంత పక్కన టేపుతో అంటించేవారు.

‘‘ఇదెందుకండీ?’’ అన్నాను.

‘‘ఉరిమినప్పుడల్లా పీకాలి కదండీ. మళ్ళీ పెట్టేటప్పుడు మళ్ళీ తెలీదనుకోవడం దేనికి?’’

అన్నీ అమర్చేక నేను పంచాంగం చూశాను. వర్జ్యం ఇంకా వెళ్ళలేదు. ఆ సంగతి చెప్పకుండా, కాసేపు ఆగుదామన్నాను. ఆవిడ పంచాంగం వైపు చూసి, ‘‘ఆయ్, అలాగేనండి. మీ వర్జ్యం దాటేలోపు నా ప్రార్థన కూడా అయిపోద్ది’’ అని కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన నిదానంగా, అందరి క్షేమమూ వరసగా చెప్పుకుంటూ సాగింది. చివర్లో నా పేరు వినపడింది. మా గోత్రనామాలు గుడిలో చదివించడం మానేసి చాలాకాలమైంది. నా పేరు చెప్పి ఎవరైనా దేవుణ్ణి ఏదైనా అడగడం వినడం అలవాటు తప్పింది.

మీట నొక్కితే సీపీయూలో గాలి తిరిగిన చప్పుడు వచ్చింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మళ్ళీ నొక్కేం. మళ్ళీ నలుపే. ఆవిడ ఫోను తీసి, పెట్టె మీదున్న కొట్టు నంబరుకి కలిపి, స్పీకరు పెట్టేరు. వద్దనడానికి టైము ఇవ్వలేదు.

‘‘బాబూ, నేను పెద్దదాన్ని, నాకేం తెలీదు. తెర మీద బొమ్మ రావట్లేదు. మొదట్నుంచి చెప్పు నాయనా.’’

కొట్టతనికి ఊరు చెప్పగానే గుర్తొచ్చింది. ‘‘అక్కడ ఇంట్లో తెలిసినవాళ్ళున్నారని సారు చెప్పేరండి?’’ అన్నాడు.

ఆవిడ నావైపు చూశారు. నేను దూలం వైపు చూస్తున్నాను.

‘‘ఆయ్, ఉన్నారు బాబూ. స్నానానికెళ్ళేరు. నేను పక్కింటిదాన్ని. నాకు ఆత్రం ఎక్కువ. ఆయన వచ్చేలోపు వెలిగించేద్దామని చెయ్యి పెట్టేను. నాకు చెప్పు, నాకే తెలీదు.’’

అతను తెర వైరు ఎక్కడ పెట్టేరో అడిగి, ‘‘సరిగానే పెట్టేరండి. లోపలికంటా వెళ్ళుండదు. గట్టిగా తొయ్యండి మేడమ్, మొహమాటపడకండి’’ అన్నాడు. తోశారు. తెర వెలిగింది. ఆవిడ చప్పట్లు కొట్టి, వీధిలో వెళుతున్న చేపలమ్మిని కేకేసి, ‘‘మా అన్నయ్యగారి కంప్యూటరు వెలిగిందే!’’ అని చెప్పేరు. ఆ అమ్మాయి గంప దింపకుండానే కిటికీలోంచి చూసి ‘‘బాగుందండీ’’ అని వెళ్ళింది.

‘‘అబద్ధం చెప్పేరే’’ అన్నాను తర్వాత. ఆవిడ ఆదివారం బడిలో పిల్లలకి, అబద్ధమాడరాదని పాఠం చెప్పేవారు.

‘‘అబద్ధం ఏముందండి? సాయంత్రం ఎలాగూ చేస్తారు కదా స్నానం. కాస్త ముందు చెప్పేను, అంతే.’’

నాకు ఎవరెవరో ఉపకారాలు చేశారు. చేసినవాళ్ళలో చాలామంది, చేసినట్టు నాకు గుర్తుండేలా చేశారు. ఈవిడ, నా వంతు ‘తెలీదు’ని తన నెత్తిన వేసుకుని నా మాట నిలబెట్టి, ఆ సంగతి అక్కడితో మరిచిపోయారు. నేను మరిచిపోలేదు.

తర్వాత కంప్యూటరు ఒక ఒప్పందం చూపించి, ఒప్పుకుంటున్నారా అని అడిగింది. ‘‘ఒప్పుకోండి, అందరూ ఒప్పుకుంటారంట’’ అన్నారావిడ. నేను ఒప్పుకోలేదు. చదవకుండా సంతకం పెట్టబట్టే మా నాన్నగారి చేతిలోంచి చెరువుగట్టు పొలం వెళ్ళిపోయింది. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఇంగ్లీషులో మొత్తం చదివాను. సంజె చీకటి పడింది. ఆవిడ విసుక్కోలేదు. సంచీలోంచి తెల్లదారం తీసి ఏదో అల్లుకుంటూ, మధ్యలో పెట్టెతో వచ్చిన బొమ్మల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నారు.

‘‘మన పొలం ఏవన్నా అడుగుతోందాండి?’’ అన్నారు ఒకసారి తలెత్తి.

‘‘ఇంకా రాలేదండి.’’

ఒప్పుకున్నాక పేరు అడిగింది. ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు కొడుతుంటే, ఒక్కొక్క అక్షరం వెతుక్కోవడం చూసి, ‘‘కొంచెం కురచ చేయండి అన్నయ్యగారూ, రోజూ పొద్దున్నే అంత పొడుగున పిలవాలంటే పాపం దానికి ఆయాసం రాదాండి’’ అన్నారు. కురచ చేయలేదు. ఇంటర్నెట్టు వాళ్ళ డాబాలోదే మా సావిట్లోకి అందింది. పాస్‌వర్డు చెప్పమంటే, వీధి మొగదాకా వినపడేలా చెప్పేరు. నేను కంగారుపడితే, ‘‘వాడుకోనివ్వండి, అరిగిపోద్దేంటి’’ అన్నారు.

ఆ సాయంత్రమే, ఇదంతా ఎందుకని అడగకుండా, ‘‘అచ్చుపనికేనాండి?’’ అన్నారు. ఉలిక్కిపడ్డాను. ఎప్పుడో నేను పంపిన కట్ట తిరిగొస్తే, నేను ఇంట్లో లేనప్పుడు ఆవిడే తీసుకుని ఉంచేరట. చుట్టిన కాగితం చిరిగి, ఎర్రసిరాతో దిద్దిన పేజీ కనిపించిందట. ‘‘ఎంత అందంగా దిద్దుతారండీ! మా స్టాఫులో ఒక్కరి కాపీ అలా ఉండేది కాదు.’’ అంతే అన్నారు. ఇరుగింటి కోడి గుడ్డు పెట్టినా వీధిలో చాటే మనిషి, ఈ ఒక్క సంగతీ చివరిదాకా ఎవరితోనూ అనలేదు.

రెండు మూడు రోజుల తర్వాత తొడుగుతో వచ్చేరు. నేను ఒప్పందం చదువుతున్నప్పుడు అల్లుతున్నది అదేనట. సీపీయూకి కొలిచి కుట్టించిన చొక్కాలా ఉంది. చుట్టూ ద్రాక్షగుత్తులు, కింద బిగించడానికి తాడు. చేతికిస్తూ, అట్టపెట్టె మీద కూర్చుని, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పేరు.

‘‘మా అమ్మ కూడా ఒకటి అల్లిందండి, మీ మేనత్తగారి పెళ్ళికి. బల్ల మీద పరిచేది. నన్ను కూడా తీసుకొచ్చింది, చిన్నదాన్ని. మీ నానమ్మగారు అరుగు దగ్గరే పుచ్చుకుని చేటెడు బియ్యం పెట్టించేరు. తర్వాత కోతలకి వచ్చినప్పుడు చూసేను. పశువుల పాకలో కుడితికుండ మీద కప్పి ఉంది.’’

నా చూపు అరుగు వైపు వెళ్ళింది.

‘‘బాగానే ఉందండి కుండకి కూడా. ఈగలు వాలేవి కావు’’ అన్నారు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే నాకు సులువయ్యేది. లేదు. తొడుగు తీసుకుని, పీట మీంచి లేచి, నా చేత్తో నేనే సీపీయూకి తొడిగి తాడు ముడి వేశాను. నాలుగు వైపులా సర్దేను. వాళ్ళింటివాళ్ళ చేతిపనిలో మా గుమ్మం దాటి లోపలికి వచ్చింది అదే మొదటిది.

ఆ మర్నాటి నుంచి కంప్యూటరు ఆగిపోవడం మొదలెట్టింది. ఒక అధ్యాయం దిద్దేసరికి, చెప్పాపెట్టకుండా తెర నల్లబడేది. దిద్దినదంతా పోయేది. కాసేపటికి మళ్ళీ వెలిగేది, మళ్ళీ పోయేది. బొమ్మల పుస్తకం తిరగేశాను. అందులో ఒక బొమ్మ ఉంది. సీపీయూ మీద గుడ్డ కప్పి ఉంది. దాని మీద అడ్డంగా ఎర్రటి ఇంటూ గుర్తు. ఆ బొమ్మ అర్థం కావడానికి ఏ చదువూ అక్కర్లేదు.

అర్థమైంది. కాని ఎలా తీయను? ఒకరు ప్రేమగా ఇచ్చినది వాళ్ళ కళ్ళ ముందు తీసి పక్కన పెట్టడం మా ప్రాంతంలో ఎవరూ చేయరు. మా ఇంట్లో అసలు చేయరు. చేసిన ఒక్కసారికి ఆ లేసు ఎక్కడికి వెళ్ళిందో మొన్ననే విన్నాను. చాటుగా తీసి, ఆవిడ వచ్చే వేళకి తొడగొచ్చు. కాని సావిడి కిటికీ వాళ్ళ మేడకి ఎదురే. అదీగాక చాటుగా చేయడం ఇంకా హీనం. సీపీయూ పక్కన టేబులుఫ్యాను పెట్టేను. కింద తడిగోనె పరిచేను. తెల్లవారుజామున చల్లటి వేళ లేచి దిద్దేను. ఎన్ని చేసినా మధ్యాహ్నమయ్యేసరికి ఆగిపోయేది. అలా నెలాఖరు వచ్చేసింది. మర్నాటికి పుస్తకం వెళ్ళాలి, సగం కూడా కాలేదు. వెళ్ళకపోతే పని వేరేవాళ్ళకి పోతుంది. అది పోతే ఇంక అమ్మడానికి ఇల్లు ఉంది, అంతే.

ఆ పూట ఆవిడ వచ్చి పెట్టె మీద కూర్చున్నారో లేదో, తెర నల్లబడింది.

‘‘ఆగిపోయిందేంటండీ?’’

‘‘విశ్రాంతి తీసుకుంటుంది.’’

‘‘రోజూనా?’’

‘‘అప్పుడప్పుడు.’’

ఆవిడ లేచి, చేతివెనక భాగం తొడుగు మీద ఆనించేరు, పిల్లల నుదురు చూసినట్టు. ‘‘జ్వరం’’ అన్నారు. తర్వాత బల్ల మీంచి బొమ్మల పుస్తకం తీసి, వెతక్కుండానే, నేరుగా ఆ పేజీ తీశారు. అప్పుడు నాకు అర్థమైంది.

‘‘అన్నయ్యగారూ, ఈ బొమ్మ చూసేరాండి?’’

‘‘చూసేను.’’

‘‘ఎప్పుడండి?’’

‘‘ఇది ఆగిపోవడం మొదలైన రోజే. మీరో?’’

‘‘మీరు ఒప్పందం చదువుతున్న రోజునేనండి. అప్పటికే సగం అల్లేసేను. ఆ... ఏవవుద్దిలే, చిల్లుల లేసే కదా, గాలి ఆడుద్ది అనుకున్నాను.’’

‘‘మరి తర్వాతైనా చెప్పలేదేం?’’

‘‘మీరు మీ చేత్తో తొడిగేరు కదండీ! చుట్టూ సర్దేరు కూడాను. తీసెయ్యండని ఏ నోటితో అననండి?’’

ఇద్దరం కాసేపు ఆ పుస్తకాన్నే చూశాం. ముందు ఆవిడకి నవ్వొచ్చింది. భుజాలు అదురుతున్నాయి. ‘‘మన మర్యాదలు మండ! పాపం దీని ప్రాణం తీసేస్తున్నాం కదండీ ఇద్దరం కలిసి’’ అని, కంటికొసలు తుడుచుకుంటూ తాడు విప్పేరు. నేను కూడా నవ్వేనట. ఆవిడ తర్వాత చాలామందికి చెప్పేరు ఆ సంగతి. నాకు గుర్తు లేదు.

తొడుగు చేతిలో పట్టుకుని చుట్టూ చూశారు. ‘‘దీన్నిప్పుడేం చేద్దామండి? కుడితికుండ ఏవన్నా ఉందా?’’

నేను దాన్ని తీసుకుని కుట్టు విప్పి, పొడుగ్గా పరిచి, పడకకుర్చీకి తల ఆనే చోట వేశాను. తాతగారి తలనూనె మచ్చ అక్కడ ఉంది. పేము అల్లికలో ఇంకిపోయి, ఎన్ని ఏళ్ళయినా పోలేదు. ద్రాక్షగుత్తులు సరిగ్గా దాని మీద పడ్డాయి. ఆవిడ నవ్వడం మానేశారు. కొంచెంసేపు చూసి, ‘‘అక్కడ బాగుందండి’’ అన్నారు. మళ్ళీ వెంటనే, ‘‘కాని ఈ కుర్చీలో ఎవరూ కూచోరుగా’’ అన్నారు.

ఆ రోజూ మర్నాడూ కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగలేదు. నేను దిద్దుతుంటే, ఆవిడ పెట్టె మీద కూర్చుని పేజీలు గట్టిగా చదివి వినిపించేరు, పిల్లలకి డిక్టేషను చెప్పినట్టు. సాయంత్రానికి పుస్తకం వాళ్ళ ఇంటర్నెట్టు మీద ఎక్కి వెళ్ళింది. అవతలి మనిషి ఫోను చేసి, తరవాతి పుస్తకం పంపిస్తున్నానన్నాడు. నాకు నేటికీ అన్నం పెడుతున్నది ఆ పనే.

ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు గడిచినా ఆవిడ కంప్యూటరు నేర్చుకోలేదు. నేను నేర్చుకున్నాను గాని, నేర్చుకున్నానని ఆవిడ ఒప్పుకునేవారు కాదు. ఆకాశం ముసురుకుంటే చాలు, మేడ మీంచి కేక వినపడేది. ‘‘అన్నయ్యగారూ! ఉరిమేలా ఉంది, పీకెయ్యండీ!’’ ఆలస్యమైతే గొడుగేసుకుని వచ్చి తనే పీకేసేవారు. వెలిశాక వచ్చి దారాలు చూసి పెట్టేవారు. ‘‘ఎర్రోడు ఎర్రింటికి, పచ్చోడు పచ్చింటికి.’’ ఒక వానాకాలం అట్టపెట్టె చెమ్మకి మెత్తబడి, ఆవిడతో సహా ఒక పక్కకి ఒరిగిపోయింది. దెబ్బ తగల్లేదు. ‘‘రిటైరయ్యేడండి పాపం’’ అన్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకి సావిట్లోకి రెండు కుర్చీలు వచ్చాయి. చేతులున్న మామూలు టేకు కుర్చీలు, రెండూ ఒకే జత. ఆవిడ ఒకదాంట్లో కూర్చుని, చేతుల మీద చేతులు ఆనించి చూసుకుని, ‘‘ఇన్నాళ్ళూ మెడ ఎత్తి చూడలేక చచ్చేనండి. ఇప్పుడు తెర తిన్నగా కనపడుతోంది’’ అన్నారు. గోడవారన ఖాళీని చూశారు.

పోయిన శీతాకాలం పొద్దున్న చర్చి గంట వేళ కాని వేళ మోగింది. మేడ మీద కిటికీ మూసి ఉంది. చర్చి ఆవరణలోకి మా వంశంలో ఎవరూ అడుగు పెట్టలేదు. వెళ్ళాను. షామియానా కింద కుర్చీ చూపించేరు, కూర్చున్నాను. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి మాట్లాడేరు. తర్వాత పాస్టరుగారు నా దగ్గరికి వచ్చి, వంగి, ‘‘మీరూ ఒక మాట చెబుతారాండి?’’ అన్నారు. లేచి నిలబడ్డాను. నడుం నిటారుగానే ఉంది. మైకు చేతికిచ్చేరు.

‘‘ఏం చెప్పాలో నాకు తెలీదండి’’ అన్నాను.

మా ఇంట్లో ఎవరైనా నలుగురిలో ఆ మాట అనడం అదే మొదలు. దుఃఖంతో అలా అన్నానని అందరూ అనుకున్నారు. దుఃఖమూ ఉంది. ముందు వరసలో కూర్చున్న ఆవిడ తమ్ముడు మాత్రం ఉన్నట్టుండి నవ్వేరు. తడికళ్ళతోనే నవ్వేరు. అక్క గొంతు విన్నట్టుందని తర్వాత చెప్పేరు.

ఆ రెండు కుర్చీల కోసం అప్పట్లో తాతగారి పడకకుర్చీ అమ్మేను. పాతసామాన్లు కొనే ఆయన కొత్తపేట నుంచి వచ్చి, టేకు తట్టి చూసి, పేము నొక్కి చూసి, మీద ఉన్న లేసు గుడ్డతో సహా ఇమ్మన్నాడు. గుడ్డ మడిచి లోపల పెట్టేను. కుర్చీ ఒక్కటే అమ్మేను.